తలలో నీరు, షంట్ ఆపరేషన్: ఎన్‌పీహెచ్‌లో ఎవరికి వేయించాలో తేల్చుకోవడం ఎలా?

మా న్యూరాలజీ ఓపీకి వచ్చే ఫైళ్ళలో ఈమధ్య ఒక లైను తరచుగా కనిపిస్తోంది: "వెంట్రికల్స్ సైజు పెరిగింది, ఎన్‌పీహెచ్ కావచ్చు." వెంట్రికల్స్ అంటే మెదడు లోపలి నీటి గదులు. అవి ఉబ్బే ఒక జబ్బు ఎన్‌పీహెచ్, అంటే నార్మల్ ప్రెషర్ హైడ్రోకెఫలస్. ఆ ఫైలు తెచ్చిన కొడుకో కూతురో కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే అడిగేస్తారు. "నాన్నగారికి తలలో నీరు చేరిందట కదా డాక్టరుగారూ, పైపు వేస్తే తగ్గిపోతుందట కదా?"

తగ్గినవాళ్ళున్నారు. గోడ పట్టుకుని బాత్‌రూమ్‌కి వెళ్ళే పెద్దాయన రెండు నెలల తర్వాత వీధి చివరికి వెళ్ళి పాలపాకెట్లు తెచ్చుకోవడం చూశాను. షంట్ (తలలోని నీటిని కడుపులోకి దించే సన్నని పైపు) వేశాక ఏ మార్పూ లేక, పైగా పుర్రె లోపల రక్తం చేరి రెండో ఆపరేషన్‌కు వెళ్ళినవాళ్ళనీ చూశాను. ఈ ఇద్దరి స్కాన్లనీ పక్కపక్కన పెడితే ఒక్కోసారి ఏది ఎవరిదో చెప్పలేం. అందుకే స్కాన్ చూసి షంట్ వేయించకండి, నడక కొలిచి వేయించండి అని నా దగ్గరికి వచ్చే ప్రతి కుటుంబానికీ చెబుతుంటాను. కొలవడమంటే ఎలాగో, ఏ వరసలోనో ఇక్కడ రాస్తున్నాను. ఇంట్లో పెద్దవాళ్ళకు ఈ అనుమానం వచ్చినవాళ్ళ కోసం ఇది. చిన్న ఊళ్ళో ప్రాక్టీసు చేస్తూ, ఇలాంటి కేసును పెద్దాస్పత్రికి పంపాలా వద్దా అని ఆలోచించే డాక్టర్లకూ పనికిరావచ్చు. చివరి నిర్ణయం మాత్రం మనిషిని ఎదురుగా చూసిన డాక్టరుదే.

జబ్బు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మెదడు చుట్టూ, మెదడు లోపల ఉండే గదుల్లోనూ సీఎస్ఎఫ్ అనే నీరు తిరుగుతూ ఉంటుంది. ఎప్పుడు చూసినా అక్కడ ఉండేది దాదాపు 150 మిల్లీలీటర్లు, రోజుకు కొత్తగా ఊరేది దాదాపు అర లీటరు. ఊరినదంతా మళ్ళీ రక్తంలో కలవాలి. ఆ కలిసే దారి మందగిస్తే లోపలి గదులు, అంటే వెంట్రికల్స్, ఉబ్బుతాయి. చిత్రమేమిటంటే నడుములో సూది పెట్టి కొలిస్తే ప్రెషర్ మామూలుగానే ఉంటుంది. నార్మల్ ప్రెషర్ హైడ్రోకెఫలస్ అన్న పేరు అందుకే. కొలంబియా రాజధాని బొగోటాలో సాలమన్ హకీమ్ అనే న్యూరోసర్జన్ 1957లో దీన్ని మొదట గుర్తించారు. కారు ప్రమాదం తర్వాత కోలుకోకుండా ఉండిపోయిన 16 ఏళ్ళ కుర్రాడు ఆయన పేషెంటు. ప్రెషర్ నార్మల్‌గానే ఉంది, అయినా కొద్దిగా నీరు తీసేసరికి కుర్రాడు మెరుగయ్యాడు. షంట్ వేయాలన్న ధైర్యం ఆయనకు అక్కడ వచ్చింది. నీరు కొంచెం తీసి చూడటం, మనిషి మారితే షంట్ వేయడం అన్న పద్ధతి ఇప్పటికీ మారలేదు.

మొదట కాళ్ళు చూడండి

ఈ జబ్బుకు మూడు లక్షణాలు: నడక చెడటం, మూత్రం ఆపుకోలేకపోవడం, మతి మందగించడం. మూడూ ఒకేసారి ఉండాలని లేదు. నడక మాత్రం తప్పనిసరి. మామూలుగా ముందు చెడేది అదే, ఎక్కువ చెడేదీ అదే. మనిషి చక్కగా నడుస్తూ, మతిమరుపు ఒక్కటే ఉంటే, స్కాన్‌లో ఏం రాసి ఉన్నా షంట్ మాట పక్కన పెట్టేయండి.

నడక ఎలా ఉంటుందంటే, నాట్లప్పుడు వరిమడిలో దిగిన మనిషిని గుర్తు తెచ్చుకోండి. కాలు పైకి రాదు. పాదాల మధ్య ఎడం ఎక్కువ, వేళ్ళు బయటికి తిరిగి ఉంటాయి, అడుగులు చిన్నవి. చెప్పులు ఈడుస్తున్న చప్పుడు పక్క గదిలోకి వినిపిస్తుంది. "కాళ్ళు నేలకు అతుక్కుపోతున్నాయి" అని పేషెంట్లే చెబుతారు. కుర్చీలోంచి లేచాక మొదటి అడుగు పడటానికి టైము పడుతుంది. వెనక్కి తిరగమంటే ఒక్క ఊపులో తిరగలేరు, ఉన్నచోటే ఐదారు అడుగులు వేసి తిరుగుతారు. ఇంత ఇబ్బందిలోనూ చేతులు మాత్రం బాగానే ఊగుతుంటాయి.

ఆ చేతుల్ని గమనించండి. పార్కిన్సన్స్ జబ్బులో చేతి ఊపు తగ్గుతుంది, తరచుగా ఒక పక్కే ఎక్కువ తగ్గుతుంది. పాదాల మధ్య ఎడం కూడా మామూలుగానే ఉంటుంది. ఇంట్లో చేసుకోగలిగిన చిన్న పరీక్ష ఒకటుంది. గచ్చు మీద అడుగు అడుగు దూరంలో సుద్దముక్కతో గీతలు గీసి, వాటి మీద కాలు పెడుతూ నడవమనండి. పార్కిన్సన్స్ వాళ్ళలో చాలామంది గీతలుంటే బాగా నడుస్తారు. ఎన్‌పీహెచ్‌లో ఆ సాయం అంతగా కనిపించదు. జబ్బు ఏదో తేల్చేసే పరీక్ష కాదు గానీ, డాక్టరుకు చెబితే పనికొస్తుంది.

ఇప్పుడు ఫోన్ తీసి వీడియో పట్టండి. ఇది నేను బతిమాలి చెప్పే సంగతి. చీరైనా, లుంగీ అయినా, పైజామా అయినా మోకాళ్ళ దాకా కాళ్ళు కనిపించేలా పైకి మడవండి. చేతులు లేని కుర్చీలో కూర్చోబెట్టి, లేచి మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోమనండి. ఒకసారి ఎదురుగా, ఒకసారి పక్క నుంచి తీయండి. రోజూ కర్ర వాడుతుంటే కర్రతోనే, వట్టి కాళ్ళతో తిరిగే అలవాటుంటే వట్టి కాళ్ళతోనే. పడిపోకుండా ఒకరు పక్కనే నడవాలి, కానీ ముట్టుకోకూడదు. ఆస్పత్రిలో తెల్లకోటును చూడగానే కొందరు పెద్దవాళ్ళు పంతంగా మిలిటరీ నడక నడుస్తారు. ఇంటి వీడియోలో అసలు సంగతి తెలుస్తుంది.

ఎప్పుడు మొదలైందో కూడా రాసుకోండి. ఈ జబ్బు నెలల మీద మెల్లగా ముదురుతుంది, ఎక్కువగా 60 దాటినవాళ్ళలో. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో పెద్దవాళ్ళ మీద చేసిన సర్వేలో 70ల్లో ఉన్నవాళ్ళలో 0.2 శాతం మందికి, 80 దాటినవాళ్ళలో 5.9 శాతం మందికి ఎన్‌పీహెచ్ లక్షణాలు, స్కాన్ మార్పులు కలిసి కనిపించాయి. అంటే మనం "వయసు మీద పడింది" అని వదిలేసేవాళ్ళలో కొందరు వీళ్ళే అయ్యుండొచ్చు. నిన్నటి దాకా బాగా నడిచి ఇవాళ ఉదయం కాలు పడకపోతే అది వేరే సంగతి. స్ట్రోక్ అనుకుని వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి.

మూత్రం గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఆ లక్షణం ఒక్కటే ఉంటే దేన్నీ నమ్మకంగా చెప్పలేం. మొదట్లో వచ్చిందంటే ఆగదు, బాత్‌రూమ్ చేరేలోపే అయిపోతుంది. జబ్బు ముదిరాక తడిసిన సంగతి కూడా పట్టించుకోరు. మగవాళ్ళలో ప్రోస్టేట్, ఆడవాళ్ళలో కాన్పుల వల్ల వదులైన కండరాలు, ఎవరిలోనైనా షుగరు ఇదే పని చేస్తాయి.

మతి విషయంలో మాత్రం కొంచెం నిదానంగా గమనించాలి. ఎన్‌పీహెచ్‌లో ముందు తగ్గేది వేగం. ప్రశ్న అడిగితే జవాబు రావడానికి అరనిమిషం పడుతుంది, వచ్చిన జవాబు చాలాసార్లు కరెక్టే. పొద్దున్నే పేపరు కోసం గేటు దగ్గర నిలబడే మనిషి పేపరు ముట్టుకోవడం మానేస్తారు, ఏదీ తనంతట తాను మొదలుపెట్టరు. మరిచిపోయిన విషయానికి చిన్న క్లూ ఇస్తే గుర్తు తెచ్చుకుంటారు. అల్జైమర్స్‌లో క్లూ ఇచ్చినా అందదు. అడిగిందే మళ్ళీ అడుగుతారు, తెలిసిన వీధిలో దారి తప్పుతారు, వస్తువుల పేర్లు తట్టవు. ఇంట్లో రెండింటినీ కలిపి "చాదస్తం" అనేస్తాం. డాక్టరుకు మాత్రం ఆ మాట చాలదు, ఏం జరిగిందో ఉదాహరణలతో చెప్పండి.

రెండో పని: తేలిగ్గా నయమయ్యేవి ముందు వెతకండి

తల మీద ఆపరేషన్ గురించి ఆలోచించేముందు, నడకను చెడగొట్టే చవకైన కారణాలు చాలా ఉన్నాయి. రక్తంలో బి12, థైరాయిడ్, షుగరు, సోడియం చూపించండి. పూర్తి శాకాహారుల్లోనూ, షుగరుకు ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళలోనూ బి12 తగ్గడం మామూలే. అరికాళ్ళలో మంటలు, తిమ్మిర్లు, చీకట్లో తూలు ఉంటే షుగరు వల్ల నరాలు దెబ్బతిన్నాయేమో చూడాలి.

మందుల సంచి మొత్తం టేబుల్ మీద గుమ్మరించండి. తల తిరుగుతోందని ఎప్పుడో రాసిచ్చిన సినారిజైన్, ఫ్లునారిజైన్ బిళ్ళలు నెలల తరబడి మింగుతూ ఉంటారు. వాటితో అచ్చం పార్కిన్సన్స్ లాంటి నడక వస్తుంది. నిద్రమాత్రలు తూలు తెస్తాయి. మూత్రం ఆగడానికి ఇచ్చే కొన్ని మందులు మతిమరుపు పెంచుతాయి. వీటిని మీ అంతట మీరు ఆపేయకండి. ఏది ఎందుకు వాడుతున్నారో డాక్టరును అడగండి.

మెడ సంగతి మరిచిపోకండి. మెడ దగ్గర వెన్నుపాము నొక్కుకుపోయినా నడక బిగుసుకుపోతుంది, మూత్రం ఆగదు. చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమవడం, చేతుల్లో తిమ్మిరి, కాళ్ళలో రిఫ్లెక్సులు మరీ ఎక్కువగా ఉండటం దాని గుర్తులు. తలకు మాత్రమే స్కాన్ తీసి ఎన్‌పీహెచ్ అని పంపిన ఒక మామ్మగారికి అసలు జబ్బు మెడలో ఉంది. ఆవిడ చేతిరాత పాడైందని మనవరాలు యథాలాపంగా అనకపోతే నేనూ తలలోనే వెతుకుతూ ఉండేవాణ్ణి. నడుము దగ్గర నరాల దారి ఇరుకైతే కొంత దూరం నడిచేసరికి కాళ్ళు లాగుతాయి, కూర్చుంటే తగ్గుతాయి. మోకాళ్ళ అరుగుదల మన ఊళ్ళలో ఎవరికి లేదు కనుక! ఇవన్నీ ఎన్‌పీహెచ్‌తో కలిసి కూడా ఉండొచ్చు. కానీ నడకను ఏది ఎంత పాడుచేస్తోందో అంచనా లేకుండా షంట్ వేస్తే, తర్వాత మార్పు రాకపోతే ఎందుకు రాలేదో ఎవరికీ అర్థం కాదు.

మూడో పని: స్కాన్‌ను సరిగ్గా చదివించండి

వీలైతే ఎంఆర్ఐ తీయించండి. ఫిల్ములతో పాటు సీడీ కూడా అడిగి తెచ్చుకోండి. రిపోర్టులో నాలుగు విషయాలు ఉన్నాయో లేదో చూడండి, లేకపోతే రేడియాలజిస్టును అడిగి రాయించండి.

మొదటిది ఎవాన్స్ ఇండెక్స్. ముందు వైపు వెంట్రికల్స్ వెడల్పును అదే స్లైసులో పుర్రె లోపలి అతి ఎక్కువ వెడల్పుతో భాగిస్తే వచ్చే సంఖ్య. అది 0.3 దాటితే వెంట్రికల్స్ పెద్దవని అర్థం. అంతవరకే అర్థం. వయసుతో మెదడు కుంచించుకుపోయినా ఈ సంఖ్య పెరుగుతుంది. "0.34 వచ్చింది సార్" అని టెన్షన్ పడుతూ ఫోన్ చేసేవాళ్ళకు నేను చెప్పేది ఇదే.

రెండోది మెదడు పైభాగం. వట్టి వయసు వల్లో అల్జైమర్స్ వల్లో మెదడు తగ్గితే పైన మడతల మధ్య సందులు కూడా వెడల్పవుతాయి. ఎన్‌పీహెచ్‌లో నడినెత్తి దగ్గర సందులు మూసుకుపోయి ఇరుకుగా కనిపిస్తాయి, కింద పక్కల ఉండే సిల్వియన్ పగుళ్ళు మాత్రం నీటితో వెడల్పుగా ఉంటాయి. దీన్ని డెష్ అంటారు. జపాన్ డాక్టర్లు దీనికి చాలా ప్రాధాన్యం ఇచ్చారు. నా లెక్కలోనూ స్కాన్ అంతటికీ ఎక్కువ విలువైన గుర్తు ఇదే.

మూడోది కలోసల్ యాంగిల్. రెండు వెంట్రికల్స్ పైకప్పుల మధ్య కోణం. 90 డిగ్రీల కంటే తక్కువైతే అనుమానం బలపడుతుంది. సరైన చోట, సరైన వాలులో కోసిన స్లైసు మీద కొలిస్తేనే దానికి విలువ.

నాలుగోది, నీటి దారికి ఎక్కడైనా అడ్డం ఉందా అన్నది. గడ్డ ఉన్నా, మధ్యలో ఉండే సన్నని కాలువ మూసుకుపోయినా కథ మారిపోతుంది. అప్పుడు నడుములోంచి నీరు తీయడం ప్రమాదం కావచ్చు, ఆపరేషన్ కూడా వేరే రకం కావచ్చు. అందుకే స్కాన్ చూడకుండా సూది పెట్టరు.

చిన్న రక్తనాళాలు దెబ్బతిన్న తెల్లమచ్చలు విపరీతంగా ఉంటే షంట్ ఫలితం తగ్గొచ్చు. అవి ఉన్నంత మాత్రాన తలుపు మూసేయరు. గతంలో మెదడులో రక్తస్రావం, మెనింజైటిస్, తలకు పెద్ద దెబ్బ తగిలిన చరిత్ర ఉంటే తప్పకుండా చెప్పండి. ఆ తర్వాత వచ్చే ఎన్‌పీహెచ్ షంట్‌కు బాగా లొంగుతుంది.

నాలుగో పని: ట్యాప్ టెస్ట్, కొలతలతో

అసలు పరీక్ష ఇదే. నడుములో సూది పెట్టి 30 నుంచి 50 మిల్లీలీటర్ల నీరు తీసి, నడక మారిందా అని చూస్తారు. షంట్ చేయబోయే పనిని ఒక్కరోజుకు నకలు చేయడమన్నమాట.

"వెన్నులో నీరు తీస్తే కాళ్ళు పడిపోతాయి" అన్న భయం మనవాళ్ళలో ఇంకా పోలేదు. వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగిసిపోతుంది, సూది దానికి కింద పెడతారు. సిజేరియన్‌కు నడుములో మత్తు ఇచ్చేదీ దాదాపు అక్కడే. ఒకటి రెండు రోజులు తలనొప్పి, నడుంనొప్పి రావచ్చు. అసలు జాగ్రత్త వేరే చోట కావాలి: రక్తం పలచన చేసే మందులు. క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్, వాటి కొత్త రకాలు వాడుతుంటే ముందే చెప్పండి. గుండెలో స్టెంట్ ఉంటే గుండె డాక్టరు ఒప్పుకోకుండా ఒక్క బిళ్ళ కూడా ఆపకండి.

సూది పెట్టేముందు చేయాల్సిన పని ఎక్కువ జాగాల్లో సగం సగంగా చేస్తారు, లేదా అసలు చేయరు. పది మీటర్ల నడక: ఎన్ని సెకన్లు, ఎన్ని అడుగులు. కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు వెళ్ళి తిరిగొచ్చి కూర్చోవడం: ఎన్ని సెకన్లు. ఒక్కసారి కాదు, రెండు మూడు సార్లు. ఎందుకంటే ఏ పరీక్షైనా రెండోసారి చేస్తే అలవాటు వల్లే కొంచెం మెరుగ్గా వస్తుంది. ఆ మెరుగును నీటి ఖాతాలో వేసుకోకూడదు. చిన్న జ్ఞాపకశక్తి పరీక్ష కూడా చేయించండి. అన్నీ కాగితం మీద రాయించండి.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రిటైర్డ్ మాస్టారికి ముందు కొలతలు లేకుండానే నీరు తీయించాను. సాయంత్రం రౌండ్స్‌కి వెళ్ళి "ఎలా ఉంది?" అని అడిగాను. "చాలా తేలిగ్గా ఉంది సార్" అన్నారు మాస్టారు. "ఏం లేదండీ, ఎప్పటిలాగే ఉన్నారు" అంది కోడలు. "కొంచెం నయమే" అన్నాడు కొడుకు. ముగ్గురిలో ఎవరి మాట నమ్మాలి? ముందు రోజు అంకె ఒక్కటి ఉంటే సరిపోయేది. మూడు వారాలాగి మళ్ళీ చేయాల్సి వచ్చింది, ఆ మాస్టారు రెండోసారి సూదికి ఒప్పుకోవడం నా అదృష్టం. అప్పటి నుంచి స్టాప్‌వాచ్ పట్టుకున్న మా ఫిజియో అమ్మాయి సంతకం లేకుండా ట్యాప్ ట్రే తెరవనివ్వను.

సూది పెట్టినప్పుడు పక్కకు పడుకోబెట్టి ప్రెషర్ కొలవాలి. 245 మిల్లీమీటర్ల నీటి మట్టం దాటితే అది ఎన్‌పీహెచ్ కాదు, వేరే కారణం వెతకాలి. తీసిన నీటిని పారబోయకుండా కణాలు, ప్రొటీన్, గ్లూకోజ్ చూడమనాలి. టీబీ మనకు దూరపు చుట్టమేమీ కాదు కదా.

తర్వాత కాసేపు పడుకోనిచ్చి, రెండు నుంచి నాలుగు గంటల్లో మొదటిసారి, మర్నాడు అదే వేళకు రెండోసారి అవే పరీక్షలు చేయాలి. కొందరికి మార్పు రెండో రోజో మూడో రోజో కనిపిస్తుంది. కాబట్టి ఇంటికి పంపేసినా వీడియో తీస్తూ ఉండండి. ఎంత మెరుగైతే లెక్క? ఒక్కో చోట ఒక్కో గీత గీసుకున్నారు, పది శాతం చాలనేవాళ్ళున్నారు, ఇరవై కావాలనేవాళ్ళున్నారు. పది మీటర్లకు 24 సెకన్లు పట్టిన మనిషి 17కు వస్తే ఎవరికీ అనుమానం ఉండదు. 24 నుంచి 22కు వస్తే మాత్రం తొందరపడకండి.

ఐదో పని: ట్యాప్‌లో మార్పు రాకపోతే

ఈ చోటే చాలామంది ఆశ వదిలేసుకుంటారు, అది తొందరపాటు. ట్యాప్ టెస్ట్‌లో స్పష్టమైన మెరుగు కనిపిస్తే షంట్ పనిచేసే అవకాశం బాగా ఎక్కువ. మెరుగు కనిపించకపోతే మాత్రం పనిచేయదని చెప్పలేం. షంట్‌తో బాగుపడబోయే వాళ్ళలో ఈ పరీక్ష పట్టుకునేది వేర్వేరు అధ్యయనాల్లో 26 నుంచి 61 శాతం మందినే. యూరప్‌లోని చాలా ఆస్పత్రులు కలిసి చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో ట్యాప్ ఫలితంతో సంబంధం లేకుండా షంట్ వేశారు. మార్పు రానివాళ్ళలోనూ చాలామంది తర్వాత మెరుగయ్యారు.

కాబట్టి నడక, స్కాన్ రెండూ బాగా సరిపోయి, ట్యాప్ ఒక్కటే ఫెయిలైతే, తర్వాతి మెట్టు నడుములో సన్నని డ్రెయిన్ పెట్టి మూడు రోజులు గంటకు దాదాపు పది మిల్లీలీటర్ల చొప్పున నీరు తీయడం. ఇది ట్యాప్ కంటే బాగా పట్టుకుంటుంది. కానీ ఆస్పత్రిలో ఉండాలి, మెనింజైటిస్ రిస్కు ఉంది, ఎక్కువ నీరు పోతే ప్రమాదం. మతి సరిగా లేని మనిషి రాత్రిపూట పైపు పీకేసుకుంటారు. పక్కన ఎవరో ఒకరు మెలకువగా ఉండగలిగితేనే ఒప్పుకోండి. తరచుగా చేసే చోటే చేయించండి.

నడక అనుమానంగానూ, స్కాన్ అనుమానంగానూ ఉండి, ట్యాప్ కూడా ఫెయిలైతే? నేనైతే ఆగమంటాను. ఆర్నెల్లాగి మళ్ళీ నడక కొలిచి చూద్దామంటాను.

ఆరో పని: లాభనష్టాలు ఎదురెదురుగా పెట్టుకోవడం

అన్నీ అనుకూలంగా వచ్చాక కూడా "వేయించాలా?" అన్న ప్రశ్న మిగులుతుంది. ఇక్కడ నిజాయితీ గల లెక్క ఒకటుంది. 2025లో ఫలితాలు వచ్చిన ఒక ట్రయల్‌లో, తాత్కాలికంగా నీరు తీసినప్పుడు నడక మెరుగైన 99 మందిని ఎంచుకుని అందరికీ షంట్ వేశారు. సగం మందికి వాల్వ్ (నీరు ఎంత వదలాలో అదుపు చేసే షంట్ భాగం) పనిచేసేలా తెరిచారు, మిగతా సగానికి దాదాపు మూసి ఉంచారు. ఎవరిది ఏదో పేషెంట్లకు తెలియదు. మూడు నెలలకు, తెరిచినవాళ్ళ నడక వేగం సెకనుకు 0.23 మీటర్లు పెరిగింది, మూసినవాళ్ళది 0.03. పడిపోయినవాళ్ళు తెరిచిన గుంపులో 24 శాతం, మూసిన గుంపులో 46 శాతం. ఇది మంచి కబురు. అదే ట్రయల్‌లో మెదడు పైపొర కింద రక్తం చేరడం తెరిచినవాళ్ళలో 12 శాతం, మూసినవాళ్ళలో 2 శాతం. లేచి నిలబడితే వచ్చే తలనొప్పి 59 శాతానికి, అవతల 28 శాతానికి. జ్ఞాపకశక్తి పరీక్షలోనూ, మూత్రం ఇబ్బందిలోనూ మూడు నెలల్లో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా తేలలేదు.

దీన్ని ఇంటి భాషలో చెబితే: మీరు కొనుక్కుంటున్నది నడక. మతి, మూత్రం కొందరిలో బాగుపడతాయి, వాటి మీద హామీ ఎవరూ ఇవ్వలేరు. "అమ్మ మళ్ళీ లెక్కలు చూసుకోవాలి" అన్నదే మీ కోరికైతే ఆపరేషన్ తర్వాత నిరాశపడతారు. "అమ్మ ఎవరూ పట్టుకోకుండా బాత్‌రూమ్‌కి వెళ్ళాలి" అనుకుంటే అది న్యాయమైన కోరిక.

వయసు ఒక్కటే అడ్డం కాదు. 82 ఏళ్ళ చురుకైన మనిషి 68 ఏళ్ళ మంచం పట్టిన మనిషి కంటే మంచి కేసు. నడక చెడి ఎంత తక్కువ కాలమైతే అంత మేలు. కారణం ఫలానా అని తెలిస్తే ఇంకా మేలు. మతి బాగా పోయి చాలాకాలమైనా, ఏళ్ళుగా మంచంలోనే ఉన్నా, గుండె ఊపిరితిత్తులు మత్తును తట్టుకోలేకపోయినా, రక్తం పలచన మందులు ఒక్కరోజు కూడా ఆపే వీల్లేకపోయినా నేను వద్దనడానికే మొగ్గుతాను. అల్జైమర్స్ కూడా కలిసి ఉందని తేలితే తలుపు పూర్తిగా మూసుకోదు, నడక మెరుగుపడొచ్చు, ఆశ మాత్రం ఆ మేరకే పెట్టుకోవాలి.

ఏడో పని: సర్జన్‌ను అడగాల్సినవి

వాల్వ్ ఏ రకం అని అడగండి. ప్రోగ్రామబుల్ వాల్వ్ అయితే నీరు ఎంత వదలాలో చర్మం పైనుంచే అయస్కాంత పరికరంతో మార్చొచ్చు. తలనొప్పి వచ్చినా, లోపల కొద్దిగా రక్తం చేరినా మళ్ళీ కోయకుండా సర్దే వీలుంటుంది. ధర మాత్రం చాలా ఎక్కువ. షాజహాన్‌పూర్‌లో తయారయ్యే ఛాబ్రా షంట్ లాంటి స్థిర ప్రెషర్ రకాలు చాలా చవక, అవీ పనిచేస్తాయి, తర్వాత సర్దుబాటు మాత్రం ఉండదు. డబ్బు ఒక్కటే చూడకండి, దూరం కూడా చూడండి. శ్రీకాకుళం జిల్లా లోపలి ఊరి నుంచి సెట్టింగ్ మార్పించుకోవడానికి ప్రతిసారీ విశాఖ వెళ్ళగలరా? ఆస్పత్రిలో ఆ వాల్వ్‌కు సరిపోయే పరికరం ఉందా? కొన్ని రకాల్లో ఎంఆర్ఐ తీస్తే సెట్టింగ్ మారిపోతుంది, తర్వాత చూపించుకోవాలి. వాల్వ్ కంపెనీ కార్డు పర్సులో పెట్టుకోండి.

పైపు కడుపులోకి దించుతారు కాబట్టి పాత పొట్ట ఆపరేషన్ల సంగతి చెప్పండి. షుగరు అదుపులో లేకుండా, మూత్రంలోనో పంటిలోనో చీము ఉండగా వేయించుకోకండి. ఈ ఆపరేషన్‌కు ఇన్‌ఫెక్షన్ పెద్ద శత్రువు. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే ఏ రకం షంట్ దాకా వర్తిస్తుందో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడ్మిషన్‌కు ముందే అడగండి, తర్వాత కాదు.

ఇంకో ప్రశ్న కూడా అడగండి, మొహమాటపడకండి: "మీ దగ్గర ఎన్‌పీహెచ్‌కు షంట్ వేశాక నడక మళ్ళీ కొలుస్తారా?" కొలుస్తామని, ఎప్పుడెప్పుడో కూడా చెబితే మీరు మంచి చోటికే వచ్చారు.

షంట్ వేశాక

లేచి కూర్చుంటే తలనొప్పి పెరిగి పడుకుంటే తగ్గుతుంటే నీరు ఎక్కువ పోతోందేమో, ఫోన్ చేయండి. మగతగా ఉన్నా, ఒక పక్క చేయీ కాలూ బలహీనమైనా, వాంతులు, జ్వరం, కోసిన చోట ఎరుపు, పొట్టలో నొప్పి ఉన్నా ఫోన్ కాదు, నేరుగా ఆస్పత్రికే. ఇంట్లో జారి పడి తలకు దెబ్బ తగిలితే పైకి ఏమీ కనిపించకపోయినా సీటీ తీయించండి.

మూడో నెలలో మళ్ళీ అదే కుర్చీ, అదే మూడు మీటర్లు, అదే పది మీటర్లు. ట్యాప్ రోజున రాసుకున్న కాగితం పక్కన పెట్టుకుని చూడండి. ఆ రోజు 17 సెకన్లు వచ్చి ఇప్పుడు 23 ఉంటే వాల్వ్ సెట్టింగ్ మార్చాలేమో అడగాలి. రెండేళ్ళు బాగా నడిచిన మనిషి మళ్ళీ చెప్పులు ఈడుస్తుంటే పైపు మూసుకుపోయిందేమో చూపించాలి. ఆ మార్పును కూడా వయసు ఖాతాలో రాసేసి ఇంట్లోనే ఉండిపోయి, మంచం పట్టాక వచ్చిన కుటుంబాలు నాకు తెలుసు. ఫోన్ మార్చినప్పుడు ఆ పాత వీడియోలు పోకుండా చూసుకోండి.